ఒంటిమొలక డాక్టరు

డాక్టర్ గొట్‌హార్ట్ ల్యూడెక పోయినప్పుడు డోర్లేబెన్ ఊళ్ళో ఒక్క కన్నూ తడవలేదు. నేను ఏడవలేదు సరికదా, శ్మశానం నుంచి వచ్చాక విత్తన కేంద్రం భోజనాలగదిలో పెట్టిన బంగాళాదుంపల సలాడు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. ఇరవై రెండేళ్ళు ఆ మనిషి కింద పనిచేశాను. నాకు ఆ మాత్రం హక్కుంది.

బెర్లిన్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన శవపేటిక పక్కన నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. చక్కెర దుంప పొలాల్లో ఆడవాళ్ళను మోకాళ్ళ మీది నుంచి లేపి నిలబెట్టిన మహనీయుడు అన్నాడు. వెనక వరసలో నిలబడ్డ ముసలమ్మలు ఒకేసారి దగ్గారు. దగ్గు కాదది, నాకు తెలుసు. చచ్చినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. అది బతికుండగా నాలుగు మంచి పనులు చేసినవాళ్ళకి వర్తిస్తుంది. ఈయన ఒక్క మంచి పని చేశాడు. ఆ ఒక్కటీ ఎలా చేశాడో చెప్తాను.

పుట్టింది 1913లో, ఆల్ట్‌మార్క్ వైపు ఒక పల్లెలో. తండ్రి చర్చిలో గంట కొట్టేవాడు. ఐదో ఏటనే తండ్రి గంట ఎన్ని దెబ్బలు కొట్టాడో లెక్కపెట్టి, తప్పు కొడితే భోజనాల దగ్గర చెప్పేవాడట. ఈ సంగతి ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు. ఆ తండ్రి మీద నాకు జాలి. హాలె విశ్వవిద్యాలయంలో చదివాడు, గోధుమ మీద డాక్టరేటు తెచ్చుకున్నాడు. యుద్ధంలో తుపాకీ పట్టలేదు. కళ్ళజోడు మందం చూసి విత్తనాలు ఏరడానికి తూర్పుకు పంపారు. ఉక్రెయిన్‌లో ఒక పంటల కేంద్రంలోకి సైనికుల వెనకాలే నడిచి వెళ్ళి, అలమరల్లో ఉన్న విత్తనం పొట్లాలన్నీ మూటగట్టి పట్టుకొచ్చాడు. ప్రతి పొట్లం మీదా ఎవరో ఆడమనిషి చేతిరాతతో చీటీ ఉండేదట. ఆ చీటీలన్నీ తీసేసి తన చేత్తో కొత్తవి రాసి అంటించాడు.

ఒక క్రిస్మస్ విందులో రెండు గ్లాసుల ద్రాక్షసారా పడ్డాక ఈ కథ చెప్పి, "చీటీలు ఎంత అశ్రద్ధగా రాసిందో చూడాలి, తారీఖులు కూడా సరిగ్గా లేవు," అన్నాడు. ఆ రాసినామె ఏమైపోయిందని నేను అడిగాను. "ఎవరు?" అన్నాడు. అది వెటకారం కాదు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు.

యుద్ధం అయ్యాక మా ఊరి దుంపవిత్తన కేంద్రానికి అధికారిగా వచ్చాడు. అప్పటికి నాకు ఏడేళ్ళు. మా నాన్న తూర్పున ఎక్కడో మంచులో ఉండిపోయాడు. మా అమ్మ మిన్నా టాకె దుంప పొలంలో ఆడకూలీల ముఠాకి పెద్ద.

దుంప విత్తనం అంటే ఒక గింజ కాదు. నాలుగైదు గింజలు అతుక్కుపోయిన గరుకు ఉండ. పాతితే ఒక్కచోటే నాలుగు మొలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేస్తాయి. ఒక్కటి ఉంచి మిగతావి పీకేయకపోతే దుంప బొటనవేలంత కూడా ఊరదు. యంత్రం ఆ పని చేయలేదు. అందుకని మే నెల మొదలు జూన్ సగం దాకా మా ఊరి ఆడవాళ్ళు మోకాళ్ళకు గోనెపట్టీలు చుట్టుకుని, సాలు వెంట పాకుతూ ఒక్కొక్క మొలకే పీకేవాళ్ళు. సాలు పొడుగు ఆరువందల మీటర్లు. మా అమ్మ ముప్పై ఆరో ఏట మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగేది. ఆదివారం నాడు మాత్రం చర్చిలో మోకరించకుండా కూర్చునేది. పాదిరి గారు చూస్తే, "వారమంతా దేవుడి ముందే పాకుతున్నాను, ఇవాళ సెలవు," అనేది.

ఒక్క గింజ, ఒక్క మొలక. అలాంటి దుంప దొరికితే ఈ పాకుడు ఉండదు. ప్రపంచంలో చాలామంది దాని కోసం వెతుకుతున్నారు. మా డాక్టరూ వెతికాడు. వెతికాడంటే, మాచేత వెతికించాడు.

నాకు పదహారు నిండగానే కేంద్రంలో గింజలు లెక్కపెట్టే పనికి చేరాను. ఆయన ఎవర్నీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఇంటిపేరే పిలుపు. నేనూ టాకె, అమ్మా టాకె. గదిలో ఇద్దరం ఉంటే "పెద్ద టాకె", "చిన్న టాకె". నమస్కారం పెడితే తిరిగి పెట్టడు, గడియారం చూసుకుంటాడు. తప్పు దొరికితే అరవడు కూడా. మెల్లగా, నలుగురూ వినేలా చెప్తాడు. "చిన్న టాకె వందకి తొంభై తొమ్మిది లెక్కపెట్టింది. ఆ ఒక్కటీ తినేసిందేమో, ఇంట్లో పస్తులున్నట్టున్నారు." నేను పదహారేళ్ళ పిల్లని. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కానీ లెక్కపెట్టడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, అది కాదనను. ఆయన నేర్పినట్టు ఇంకెవరూ నేర్పలేరు.

ఊరికి ఆయన మీద ఉన్న కోపం వేరే రకం. చక్కెర దుంప, బీట్‌రూట్, ఆకుకూర కోసం వేసే మాంగోల్డు, అన్నీ దాయాదులే. ఒకదాని పుప్పొడి గాలికి ఇంకోదాని మీద పడితే వంశం సంకరమైపోతుంది. అందుకని విత్తన కేంద్రం చుట్టూ రెండు కిలోమీటర్ల లోపల ఎవరి పెరట్లోనూ ఆ జాతి మొక్క పూయకూడదని చట్టం. చట్టం అందరికీ తెలుసు. కానీ జూన్ వచ్చేసరికి ఎవరి మడిలోనో పోయిన ఏడాది మాంగోల్డు ఒకటి మిగిలిపోయి కాడ వేస్తుంది. జూన్ నెల ప్రతి ఆదివారం, చర్చి అయ్యే వేళకి, డాక్టరు వంకర కత్తి పట్టుకుని రైలుకట్ట పక్క తోటల్లోకి దిగేవాడు. గేటు తట్టడు. మడుల మధ్య నడిచి, కాడ కనిపిస్తే తల నరికి, సంచిలో వేసుకుని, చిన్న పుస్తకంలో పేరు రాసుకుని పోయేవాడు. మాంసం కాల్చుకుంటూ, బీరు తాగుతూ, మనవల్ని ఆడించుకుంటూ కూర్చున్న జనం మధ్య నుంచి. ఊళ్ళో ఆయన పేరు తలారి.

"తలారి గారొస్తున్నారు, టోపీలు తీయకండర్రా, తలనుకుంటాడు!" అని తోటల్లో కేకలు వేసేవాళ్ళు. ఆయన వినిపించుకునేవాడు కాదు.

1957 జూలైలో జరిగింది ఇది. విత్తనానికి విడిచిన దుంప పొలం, మనిషెత్తు కాడలు, పూత మీద ఉంది. ఇరవై మంది ఆడవాళ్ళను బారుగా నిలబెట్టి, పూలు గుత్తులుగా కాకుండా ఒంటిగా ఉన్న మొక్క కనిపిస్తే కేక వేయమన్నాడు. తొమ్మిది రోజులు నడిచాం. లక్షల మొక్కలు. పదో రోజు పొద్దున్న మా అమ్మ ఆగిపోయింది.

"ఏమే రోస్విటా, ఇలా రా. ఇదేంటి, దీని పూలు ఒకదాన్నొకటి తోసుకోవడం లేదు?"

కాడ మొదలు నుంచి చివరి దాకా ఒక్కొక్క కణుపు దగ్గర ఒక్కటే పువ్వు. అమ్మ తలకు కట్టుకున్న నీలం గుడ్డ విప్పి ఆ మొక్కకి కట్టింది, మళ్ళీ వెతుక్కోకుండా. డాక్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అంత తొందరగా ఆయన నడవడం ఎవరూ చూళ్ళేదు. మొక్క ముందు వంగి, భూతద్దంతో పావుగంట చూశాడు. తర్వాత అమ్మ గుడ్డ రెండు వేళ్ళతో విప్పి పక్కన పడేసి, దాని చోట కేంద్రం ఎర్రచీటీ కట్టి, చీటీ మీద తేదీ వేసి, కింద తన పొడి అక్షరాలు రాసుకున్నాడు.

"పెద్ద టాకె, నీ వరసలోకి పో. ఇంకా సగం పొలం ఉంది," అన్నాడు.

మరుసటేడు ఆయన వ్యాసం అచ్చయింది. 'విత్తన పొలంలో రచయిత ఈ మొక్కను కనుగొనడం జరిగింది' అని ఉంది అందులో. సొమ్మొకడిది, సోకొకడిది. నేను అది అమ్మకి చదివి వినిపించాను. రొట్టె మీద దుంపపాకం రాస్తున్న అమ్మ రాస్తూనే ఉంది. "విత్తనమంటూ వస్తే చాల్లేవే. ఎవడి పేరైతే నాకేం, నా మోకాళ్ళకి చదువు రాదు," అంది. కానీ అప్పటి నుంచి ఆయన కనిపిస్తే అమ్మ నోరు ఊరుకునేది కాదు. "ఏం డాక్టరు గారూ, ఇవాళ ఏమైనా కనుగొనడం జరిగిందా?" అని పొలం అవతలి గట్టు నుంచి అరిచేది. ఆయన చెవులు ఎర్రబడేవి.

నాలుగేళ్ళ పని తర్వాత, 1961లో, ఆ ఒక్క మొక్క వంశం నలభై ఎనిమిది సాళ్ళకి పెరిగింది. మంచి వంశం. ఒంటి గింజ, మొలక కాండం పచ్చగా ఉంటుంది. ఆ జూన్‌లో అమ్మ తోటలో రెండు మాంగోల్డు కాడలు దొరికాయి ఆయనకి. ఇంకా పూయలేదు, మొగ్గ మీదే ఉన్నాయి. నరికాడు. అమ్మ ఊరుకుందా?

"ఇంకోసారి గేటు దాటితే ఆ కత్తి నీ చేతిలో ఉండదు, ఎక్కడ ఉంటుందో నీ పెళ్ళాం వెతుక్కోవాలి!"

తోటలన్నీ విన్నాయి, తోటలన్నీ నవ్వాయి. ఆయన పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు చివర కొత్త పంట మీద మొలక పరీక్ష పెట్టాం. పదో రోజు పళ్ళెం మీది మూత తీసింది నేనే. పచ్చటి కాండాల మధ్య ఎర్రటివి. ఒకటి కాదు, రెండు కాదు. బీట్‌రూట్‌దో మాంగోల్డుదో పుప్పొడి పడింది. వంశం చెడింది. నాలుగేళ్ళ పని మట్టిలో కలిసింది. డాక్టరు వచ్చి చూశాడు. ముఖంలో రక్తం లేదు. తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

మూడో రోజు జిల్లా నుంచి బండి వచ్చి మా అమ్మను తీసుకుపోయింది.

ఆ ఆగస్టులోనే బెర్లిన్‌లో గోడ లేచింది. ఆ శరత్తులో ప్రభుత్వం ఊరూరా శత్రువుల్ని వెతుకుతోంది, ఎవరి మీద ఎవరేం రాసినా నమ్మేవాళ్ళు. డాక్టరు రెండు పేజీల ఫిర్యాదు రాశాడు. మిన్నా టాకె కావాలనే, పగతో, ప్రభుత్వ విత్తనాన్ని పాడుచేసిందని. అది విధ్వంసం కింద లెక్క. విధ్వంసమంటే ఆ రోజుల్లో ఐదేళ్ళకి తక్కువ ఉండదు. మా అమ్మ వయసు నలభై తొమ్మిది. మెట్లు వెనక్కి తిరిగి దిగే మనిషి.

నేను ఆయన గదిలోకి తట్టకుండా వెళ్ళాను.

"మా అమ్మ ఆ పని చేయలేదు."

"చేయలేదని నీకెలా తెలుసు? లెక్క ఉందా?" తల ఎత్తకుండా అన్నాడు.

"నన్నూ పంపించేయండి మరి. విత్తనం చెడగొట్టినదాని కూతుర్ని ఎందుకు ఉంచుకుంటారు?"

"నీ కళ్ళు పనికొస్తాయి. మీ అమ్మ నోరు పనికిరాదు. పో, పళ్ళేలు కడుగు."

ఆ రోజు ఆయన్ని చంపేయాలనిపించింది. మాట వరసకి అనడం లేదు. బల్ల మీద ఆ వంకర కత్తి ఉంది, చేతికి అందేంత దూరంలో. కానీ ఆయన అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. లెక్క ఉందా? లేదు. ఉండాలంటే ఏం చేయాలి?

మా కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. ఏ సాలు పంట ఆ సాలుకే విడి సంచిలో పడుతుంది, సంచి మీద సాలు నంబరు. కలపకూడదు. మొదటి పరీక్షకి మాత్రం అన్నీ కలిపిన గింజలు వాడాం. నేను ఒక్కొక్క సంచిలోంచి వంద గింజలు తీసి, ఒక్కొక్క సాలుకి ఒక్కో పళ్ళెం పెట్టాను. నలభై ఎనిమిది పళ్ళేలు. ఒకటో సాలు పొలానికి ఉత్తరపు కొస. నలభై ఎనిమిదోది దక్షిణం. రైలుకట్ట, తోటలు, మా అమ్మ మాంగోల్డు మడి, అన్నీ దక్షిణాన. పుప్పొడి వచ్చిన వైపు ఎర్రమొలకలు ఎక్కువ ఉండాలి, పోను పోను తగ్గాలి. ఈ సంగతి నాకు నేర్పింది ఆయనే.

పన్నెండో రోజుకి లెక్క తేలింది. ఒకటో సాలులో ముప్పై ఒకటి. పదో సాలులో పదిహేడు. ముప్పయ్యో సాలుకి ఎనిమిది. నలభై ఎనిమిదో సాలులో రెండు. దక్షిణం నుంచి కాదు. ఉత్తరం నుంచి.

ఉత్తరాన తోటలు లేవు, ఊరు లేదు. నూట యాభై మీటర్ల దూరంలో ఉన్నది ఒక్కటే ఇల్లు. ఊళ్ళో ప్రతి పెరడూ వెతికిన డాక్టరు గారి ఇల్లు.

మధ్యాహ్నం భోజనం వేళ అటు వెళ్ళాను. ఆయన భార్య అడెల్‌హైడ్ బట్టలు ఆరేస్తోంది. ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడని మనిషి. నన్ను చూసి ముఖం చిట్లించింది.

"ఏం కావాలి? ఆయన ఆఫీసులో ఉన్నాడు."

"మీ చెత్తకుప్ప చూడాలమ్మా."

"మీ ఇంట్లో కుప్ప లేదా?"

"ఉందండీ. దాన్ని ఇప్పటికే మూడుసార్లు తవ్వి చూశారు."

ఆవిడ చేతిలో దుప్పటి తీగ మీద వేసింది. తర్వాత తలతో పెరటి వైపు చూపించింది. వెనక ఒక గుబురు పొద, దాని చాటున కుప్ప. కుప్ప మీద ఎండిపోయిన మూడు పొడుగాటి కాడలు, విత్తనాలు రాలిపోయి. మొదట్లో కుళ్ళిన ఎర్ర దుంపలు. బీట్‌రూట్.

"చలికాలానికి నేలమాళిగలో ఇసకలో పాతిపెట్టినవి. మార్చిలో మిగిలినవి మెత్తబడ్డాయి," అంది ఆవిడ. "నన్ననకు. ఆ మాళిగ తాళం నా దగ్గర ఉండదు. దుంపలు కూడా లెక్కపెట్టి ఇస్తాడు నాకు. పారేసింది ఆయనే."

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఊరంతా తలలు నరికిన మనిషి తన కుప్ప మీద తల ఎత్తి పూసినవాటిని చూసుకోలేదు. ఆయన పెరట్లోకి కత్తి పట్టుకుని వెళ్ళేదెవరు?

సోమవారం నా లెక్క కాగితం ఆయన ముందు పెట్టాను. దానికి ముందే ఒక నకలు రాసి జాకెట్లో దాచుకున్నాను. ఆయన పళ్ళేలన్నీ తెప్పించుకున్నాడు. ఆ రోజూ మర్నాడు సాయంత్రం దాకా కూర్చుని, నాలుగువేల ఎనిమిది వందల మొలకలూ ఒక్కడే మళ్ళీ లెక్కపెట్టాడు. మంగళవారం నన్ను పిలిచాడు.

"ముప్పై మూడో సాలులో ఏడు. ఆరని రాశావు. మిగతాది సరిగ్గా ఉంది."

"అయితే అమ్మని..."

"పళ్ళేలు కడిగెయ్," అని కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాడు.

విచారణ మరుసటి సోమవారం. ఆరు రోజులు. ఆరు రోజులూ ఆయన వేళకి వచ్చాడు, వేళకి వెళ్ళాడు, మధ్యాహ్నం బంగాళాదుంపల పులుసు తాగాడు. అమ్మ జిల్లా కేంద్రంలో రాతినేల గదిలో ఉంది. నేను ఈ మనిషిని క్షమించలేకపోయింది అమ్మ పేరు దొంగిలించినందుకు కాదు. ఫిర్యాదు రాసినందుకూ కాదు, అప్పుడు నిజంగానే నమ్మాడేమో. ఆ ఆరు రోజులకి.

విచారణ మా కేంద్రం భోజనాలగదిలోనే పెట్టారు, అందరూ చూసి బుద్ధి తెచ్చుకోవాలని. జిల్లా అధికారి కామ్రేడ్ క్నోప్ మధ్యలో కూర్చున్నాడు. పక్కన మాటలు రాసుకునే అమ్మాయి. పంతొమ్మిది రోజుల తర్వాత అమ్మను చూశాను. ఇద్దరు జబ్బలు పట్టుకుని నడిపించారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"కూర్చుంటే మళ్ళీ లేవలేను. అడిగేదేదో అడగండి."

క్నోప్ ఫిర్యాదు పైకి చదివాడు. "మిన్నా టాకె, పొలం కూలీ. 1958 జూలైలో విత్తన పొలంలో ఒంటిపూల మొక్కను మొదట కనిపెట్టినది ఈమే. ఆ గుర్తింపు తనకు దక్కలేదని అప్పటి నుంచి పగబట్టి..."

అమ్మ నవ్వింది. ఆ గదిలో, ఆ ముఖంతో, గట్టిగా నవ్వింది.

"అమ్మాయ్, ఆ ముక్క రాసుకున్నావా? మొదట కనిపెట్టింది ఈమే అని? మళ్ళీ చదవమను, పొల్లు పోకుండా రాసుకో."

గది నిండా గుసగుస. పగ ఉందని చూపించాలంటే పగకి కారణం చెప్పాలి కదా. డాక్టరు ఆ కారణం తన చేత్తోనే రాసుకున్నాడు. క్నోప్ బల్ల మీద చరిచాడు.

"నవ్వులాటగా ఉందా నీకు? ఐదేళ్ళు పడతాయి!"

"అయ్యా, ఆ విత్తనం వస్తే లేచి నిలబడేది ఎవరు? నేను. నా మోకాళ్ళని లేపే విత్తనాన్ని నేనే చెడగొట్టుకుంటానా? అంత బుద్ధిలేనిదాన్నైతే ఆ మొక్క నా కంటికెలా కనిపించింది?"

అప్పుడు నేను లేచి, నకలు తీసుకెళ్ళి క్నోప్ ముందు పెట్టాను. ఆయనకి అంకెలు తప్ప ఏమీ అర్థం కాలేదు. కాగితం డాక్టరు వైపు తిప్పాడు.

"ఈ పిల్ల చేసిన లెక్క సరైనదేనా?"

కాదంటే చాలు. ఆయన మాట ముందు నా మాట ఎంత? కానీ ఆ మనిషికి ఒక్క పని చేతకాదు. లెక్క విషయంలో అబద్ధం ఆడలేడు. అది మంచితనం అనుకోకండి, జబ్బు.

"ముప్పై మూడో సాలు తప్ప సరైనదే. అక్కడ ఏడు."

"దీన్నిబట్టి పుప్పొడి ఎటునుంచి వచ్చినట్టు?"

"ఉత్తరం నుంచి."

"ఉత్తరాన ఏముంది?"

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా ఇల్లు."

"మీ ఇంట్లో ఏముంది?"

"బీట్‌రూట్లు. మార్చిలో కుప్ప మీద వేశాను. నేనే వేశాను."

ఒక్కరు కూడా నవ్వలేదు. క్నోప్ ముఖం కందిపోయింది. ప్రభుత్వ కేంద్రం అధికారి చెత్తకుప్ప విధ్వంసం చేసిందని జిల్లాకి ఎలా రాస్తాడు? ఫిర్యాదు కాగితాలు డాక్టరు వైపు విసిరినట్టు తోసి, "ఇది వెనక్కి తీసుకుంటున్నారు కదా," అన్నాడు. డాక్టరు తల ఊపాడు. కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి. అమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చి, వాటిని తీసి మడిచి, రవిక లోపల పెట్టుకుంది.

"ఇది నాది," అంది.

బయట మెట్ల దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. "మంగళవారం నుంచి మీకు తెలుసు. ఆరు రోజులు ఎందుకు నోరు మూసుకున్నారు?"

ఆయన గడియారం చూసుకున్నాడు. "నన్నెవరూ అడగలేదు," అన్నాడు.

ఆయన ఉద్యోగం పోలేదు. అలాంటివాళ్ళకి పోదు. మిగిల్చి పెట్టిన నలభై పాత గింజల నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. తర్వాత పతకం వచ్చింది, పెద్ద పుస్తకాల్లో పేరు వచ్చింది. అడెల్‌హైడ్ ఆయనతో మాట్లాడడం మానేసిందని ఊళ్ళో అనుకునేవారు. అంతకు ముందు మాత్రం ఏం మాట్లాడేదో నాకు తెలియదు.

మరుసటేడు జూన్ మొదటి ఆదివారం, తలారి మళ్ళీ తోటల్లోకి దిగాడు. సిగ్గుపడి మానేస్తాడేమో అనుకున్నాం. చట్టం చట్టమే కదా. మా గేటు దగ్గరికి వచ్చి ఆగాడు. అమ్మ తోటలోని చెక్క గది గుమ్మంలో కూర్చుని బఠానీలు వలుస్తోంది. ఆ తలుపు మీద, అద్దం బిగించిన చట్రంలో, ఆ ఫిర్యాదు వేలాడుతోంది. నేను వద్దన్నాను. "నా పేరు అచ్చులో ఎక్కడా లేదు. ఇక్కడైనా ఉండనీ," అంది.

డాక్టరు దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, తన రాతే పై నుంచి కింద దాకా చదివాడు. పక్క తోటల వాళ్ళు కంచెల దగ్గరికి వచ్చారు.

"సంవత్సరం తప్పు," అన్నాడు. "యాభై ఎనిమిది కాదు, యాభై ఏడు."

"రాసింది మీరే."

"తప్పు రాశాను."

"అయితే దిద్దండి."

అమ్మ లేవలేదు. ఆయనే చట్రం దించి, వెనక మేకులు కత్తి మొనతో తీసి, కాగితం బయటికి లాగాడు. జేబులోంచి కలం తీసి, ఎనిమిది కొట్టేసి ఏడు వేశాడు. పక్కన పొడి అక్షరాలు, ఆ రోజు తేదీ. మళ్ళీ చట్రంలో పెట్టి, మేకులు బిగించి, తలుపుకి తగిలించాడు. వంకరగా ఉందని సరిచేశాడు. తర్వాత మడిలోకి దిగి, ఒక మాంగోల్డు కాడ నరికి, సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

"క్షమించమని ఒక్కసారైనా అనలేడా?" అన్నాను నేను, పళ్ళు కొరుకుతూ.

"వాడికి ఆ మాట రాదే," అంది అమ్మ. "వచ్చిన పని చేసి పోయాడు."

మర్నాడు సోమవారం. ఐదున్నరకే అమ్మ మోకాళ్ళకు గోనెపట్టీలు చుట్టుకుని ముఠాతో పొలానికి వెళ్ళింది. చెడిపోయిన ఆ పంటతో మేం మూడేళ్ళు వెనక్కి పోయాం. ఒంటిమొలక విత్తనం పొలాల్లో పడింది 1967 వసంతంలో. అమ్మ అంతకు ముందటి శరత్తులోనే పని మానేసింది, నడవలేక. ఆ విత్తనం వేసిన పొలంలో ఒక్క రోజు కూడా ఆమె నిలబడి పనిచేయలేదు.